ఎవరి వేలికైనా

వంటింటి బల్ల మీద నుంచి,
ఏప్రిల్ 3

చెల్లీ,

ఫోనులో మాట్లాడకుండా ఉత్తరం రాస్తోందేమిటి, అక్కకి మతి పోయిందా అనుకుంటున్నావేమో. పోయింది మతి కాదు, ఫోను మీద నమ్మకం. అందుకే షాపు పక్క కొట్లో గీతల కాగితాలు కొని, ఎన్నేళ్ళ తర్వాతో పెన్ను పట్టుకున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువు. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి. ఫోనుకి నువ్వేం పంపినా అది నా ఒక్కదాని కంటే పడుతుందన్న భరోసా లేదు.

జరిగింది చెబుతాను. నాకో అలవాటు ఉంది, నీకు కూడా చెప్పలేదు. ఆయన పోయి మూడేళ్ళయింది కదా. అప్పటి నుంచి ఇంట్లో అత్తయ్య, నేను, కాలేజీకెళ్ళే మా పిల్ల చిట్టి, ముగ్గురమే. అత్తయ్య మంచం దిగడం తక్కువ. నేను కళ్ళజోళ్ళ షాపులో పొద్దంతా అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి ఇంటికొచ్చేసరికి, ఇంకా చెప్పులు విప్పకముందే "వచ్చావా?" అని పిలుపు. నీళ్ళు ఇవ్వు, దిండు సర్దు, కిటికీ తెరువు, కిటికీ వెయ్యి. నేను ఒక్క రోజు కూడా పైకి విసుక్కోలేదు. కోడలంటే ఇలా ఉండాలని వీధంతా నన్ను చూపిస్తారు. మరి ఆ విసుగంతా ఎక్కడికి పోవాలి? నువ్వు కొని పంపిన ఫోనులో రాసుకునే చోటు ఉంది కదా, అందులో పోసేదాన్ని. రోజుకి నాలుగు ముక్కలు, ఎవరి కోసమూ కాదు. రాసేస్తే ఒళ్ళు తేలికయ్యేది. మళ్ళీ వెళ్ళి దిండు సర్దేదాన్ని.

పోయిన ఆదివారం నేను స్నానం చేసి వచ్చేసరికి ఫోను అత్తయ్య చేతిలో ఉంది. నేనే కొలతలు చూసి చేసిచ్చిన కళ్ళజోడు పెట్టుకుని నా రాతలు చదువుతోంది. నన్ను చూసి పక్కన పెట్టేసింది. సాయంత్రానికి కూతుర్ని పిలిపించుకుని, సంచీ సర్దించుకుని, వాళ్ళింటికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ "తలుపు వేసుకో" అంది, అంతే.

అందులో ఏం రాశానో నీకు చెప్పలేను. సాధింపులవీ సరే, ఏ కోడలైనా అనుకునేవే. ఒక్క వాక్యం ఉంది. అది ఎవరూ చదవకూడనిది. రాశాక నేనూ మళ్ళీ చదువుకోలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ ఫోను నా వేలికి తప్ప తెరుచుకోదని నువ్వే కదా చెప్పావు? నువ్వు చెప్పినట్టే చేశాను. కుడి బొటనవేలి ముద్ర ఇచ్చాను. అద్దాల పనితో వేలు నున్నబడిపోయిందేమో, సరిగ్గా పట్టినట్టనిపించలేదు, మళ్ళీ అదే ఇచ్చాను. తర్వాత ఎడమది కూడా ఇచ్చాను. మరి అత్తయ్య ఎలా తెరిచింది? ఆవిడకి టీవీ రిమోటే చేతకాదు. నా అనుమానం ఒకరి మీదికి పోతోంది. పోకూడదనుకుంటూనే పోతోంది. ఫోన్ల సంగతి తెలిసినది ఈ ఇంట్లో ఒక్కతే.

నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పు.

నీ అక్క

*

పరీక్షల విభాగం, టీ విరామంలో,
ఏప్రిల్ 11

అక్కా,

నీ ఉత్తరం చూసి మా గదిలో వాళ్ళంతా మూగారు. కవరు మీద చేత్తో రాసిన అడ్రసు చూసి చాలా కాలమైందట అందరికీ. మీ అత్తగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. కానీ ముందు ఫోను సంగతి చెప్పనీ, అక్కడ నా పరువుంది.

నేను రోజంతా చేసేదేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పొద్దున్నే పదహారు ఫోన్లు బల్ల మీద పరుస్తారు. ఒక్కోదాని గాజు మెత్తటి గుడ్డతో తుడిచి, మీద ఏ పొరా లేదని వెలుతురుకి పట్టి చూసుకుని, అప్పుడు వేళ్ళు నొక్కిస్తాం. తడి వేలు, జిడ్డు వేలు, పిండి అంటిన వేలు, చలికి కొంకర్లు పోయిన వేలు, ముసలివాళ్ళ ముడతల వేలు. ఇచ్చినవాళ్ళకి తెరుచుకోవాలి, ఇవ్వనివాళ్ళకి తెరుచుకోకూడదు, మా పనంతా ఇంతే. మొదటిది అప్పుడప్పుడు తప్పుతుంది. తడి వేలైతే నాలుగుసార్లలో ఒకసారి మొరాయిస్తుంది, ఒప్పుకుంటాను. రెండోది నా కళ్ళముందు ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు.

అసలు వేలిముద్ర చదివే పరికరం ఫోనులో ఎక్కడుండాలన్న దాని మీద మా దగ్గర జరిగిన గొడవ వింటే నవ్వుతావు. మొదట్లో వీపు మీద ఉండేది. బల్ల మీదున్న ఫోను తెరవాలంటే చేతిలోకి తీసుకోవాల్సిందే, పైగా తడుముకున్న ప్రతిసారీ వేలు పోయి కెమెరా మీద పడేది. పక్కంచుకి మారిస్తే ఎడమచేతివాటం వాళ్ళు దుమ్మెత్తిపోశారు. చివరికి గాజు కిందే పెడదామన్నారు. అలా పెట్టాల్సిందేనని గొంతు చించుకున్నవాళ్ళలో నేనొకదాన్ని. సరే, ఎంత ఎత్తున? మా మగాళ్ళంతా తమ అరచేతులు కొలుచుకుని అడుగంచుకి బాగా దగ్గరగా పెట్టారు. చిన్న చేతులవాళ్ళు అక్కడికి బొటనవేలు మడిస్తే ఫోను జారిపడుతుందని పోట్లాడి ఒక అంగుళం పైకి జరిపించాను. అప్పుడు నా మనసులో ఉన్నది నీ చెయ్యేనే అక్కా.

కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఇవ్వని వేలికి అది తెరుచుకోదు. మీ అత్తగారికి తెరుచుకుందంటే, ఎవరో ఆవిడ వేలు ఇప్పించి ఉండాలి, లేదా తమ వేలు ఎక్కించుకుని తెరిచి ఆవిడ చేతికిచ్చి ఉండాలి. వేలు కొత్తగా ఎక్కించాలంటే నీ రహస్య నంబరు తెలియాలి. అది మీ పెళ్ళిరోజే అయితే, ఇంట్లో తెలియనిదెవరికి?

చిట్టి మీద విరుచుకుపడకు. ఆ వయసులో మనం నాన్న బీరువా తీసి చూడలేదా? మెల్లగా అడుగు.

ఫోనుతో పాటు పంపిన మెత్తటి ప్లాస్టిక్ కవరు ముందు గాజుకి అంటించావు కదా? గీతలు పడితే వేలు సరిగ్గా పట్టదు.

నీ చెల్లి

*

షాపు వెనక గదిలోంచి,
ఏప్రిల్ 24

చెల్లీ,

మెల్లగా అడగమన్నావు. మెల్లగానే మొదలుపెట్టాను.

"నా ఫోను నానమ్మకి నువ్వు తెరిచిచ్చావా?" అన్నాను.

"లేదమ్మా."

"నీ వేలు అందులో ఎక్కించుకున్నావా?"

"నాకెందుకమ్మా నీ ఫోను? నాది నాకుంది కదా."

"మరెలా తెరుచుకుంది?"

"నాకేం తెలుసు? నానమ్మనే అడుగు."

ఏ మొహం పెట్టుకుని అడగను? నేను అడగలేనని తెలిసే ఆ మాటంటోందనిపించింది. నీ ఉత్తరం తెచ్చి, ఇవ్వని వేలికి తెరుచుకోదని నువ్వు గట్టిగా రాసిన ముక్క చదివి వినిపించాను. "పిన్ని చేసే పనే అది. పిన్ని అబద్ధం చెబుతోందా, నువ్వు చెబుతున్నావా?" అన్నాను. అది ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేనక్కడితో ఆగిపోయేదాన్నేమో. "పిన్ని ఫోను గురించి చెప్పింది. నా గురించి కాదు కదా" అంది.

ఒళ్ళు మండిపోయింది. నోరు జారాను. ఇంట్లో దొంగని పెంచుకున్నానన్నాను. మీ నాన్న ఉండి ఉంటే నీ మొహం చూసేవాడు కాదన్నాను. ఆ రెండో మాట నోట్లోంచి వస్తున్నప్పుడే వెనక్కి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు.

మూడో రోజు పొద్దున పుస్తకాలు, బట్టలు సర్దుకుని కాలేజీ హాస్టలుకి వెళ్ళిపోయింది. ఇంటి నుంచి నలభై నిమిషాల బస్సు దూరం, దానికి హాస్టలు. నేను ఫోను చేస్తే ఎత్తదు.

ఇప్పుడు మూడు గదుల్లో నేనొక్కదాన్నే. పిలిచేవాళ్ళు లేరు. పిలుపు లేకపోతే ఎంత హాయిగా ఉంటుందో అని ఎన్నిసార్లు రాసుకున్నానో. కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఇల్లు మీద పడుతున్నట్టుంది.

నీ ఫోను మాత్రం బంగారంలా పనిచేస్తోంది, నువ్వేం బెంగపెట్టుకోకు. మొరాయిస్తుందన్నావు, నాకు ఒక్కసారీ మొరాయించలేదు. మొన్న షాపులో రబ్బరు తొడుగు వేసుకున్న చేత్తో ముట్టుకున్నా తెరుచుకుంది. నీ కవరు కూడా వేసే ఉంచాను.

నీ అక్క

*

నా గది,
మే 2

అక్కా,

ఒక్క ప్రశ్న. వెంటనే జవాబు రాయి. రబ్బరు తొడుగుతో ముట్టుకుంటే తెరుచుకుందన్నావు, నిజంగా జరిగిందేనా? నేను పంపిన కవరు గాజుకి ఎప్పుడు అంటించావు? వేళ్ళు ఇవ్వకముందా, ఇచ్చాకా? బాగా గుర్తు తెచ్చుకుని రాయి.

ఈలోగా చిట్టిని ఇంకేమీ అనకు. నా మీద ఒట్టు.

నీ చెల్లి

*

షాపు,
మే 9

చెల్లీ,

ఒట్టు పెట్టాల్సినంత అవసరమేమొచ్చింది? అనడానికి అది ఎదుట ఉంటే కదా.

తొడుగు మాట నిజమే. కవరు వేళ్ళు ఇవ్వకముందే అంటించాను. డబ్బా విప్పగానే మొదట చేసిన పని అదే. పదిహేనేళ్ళుగా అద్దాల పని చేస్తున్నదాన్ని, కొత్త గాజుని ఉత్త చేత్తో ముట్టుకుంటానా? మా షాపులో ఎవరైనా అద్దం మీద వేలు పెడితే చెయ్యి విరిచేస్తాను. కవరు వేసి, గాలి బుడగలు లేకుండా గుడ్డతో అదిమి, అప్పుడే వేలు పెట్టాను.

ఎందుకడిగావో చెప్పు.

నీ అక్క

*

నా గది,
జూన్ 1

అక్కా,

ఆలస్యమైంది, పని ఒత్తిడి. ఎందుకడిగానంటే ఊరికే, ఒక చిన్న సందేహం. నువ్వొక పని చెయ్యి. ఆ కవరు ఊడదీసెయ్యి. ఫోనులో ఇచ్చిన వేళ్ళన్నీ తుడిచేసి, ఉత్త గాజు మీద మళ్ళీ కొత్తగా ఇవ్వు. ఆ తర్వాత ఫోను నీకు తప్ప ఎవరికీ తెరుచుకోదు, ఈసారి నేను చూసుకుని చెబుతున్నాను.

జరిగిందేదో జరిగింది. చిట్టిని ఇంటికి తెచ్చేసుకో. ఎండలు తగ్గాయా మీ వైపు?

నీ చెల్లి

*

వంటింటి బల్ల,
జూన్ 8

చెల్లీ,

ఎండల సంగతి అడుగుతున్నావంటే ఏదో దాస్తున్నావని చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. దాచాల్సింది నాకు దొరికిపోయింది కూడా.

నువ్వు చెప్పినట్టే వేళ్ళు తుడిచెయ్యడానికి లోపలికి వెళ్ళాను. అక్కడ వరసగా ఉన్నాయి, వేలు ఒకటి, వేలు రెండు, వేలు మూడు. మూడు! నేనిచ్చింది కుడిది, ఎడమది. ఆ మూడోది ఎవరిదో ఇంక వేరే చెప్పాలా? నీకు ముందే తెలుసు. పిల్లని కాపాడదామని, సాక్ష్యం నా చేత్తోనే తుడిపించేద్దామనుకున్నావు. నీ మంచితనం నాకు అర్థమైంది. తుడిచేశాను. కవరు తీసి సొరుగులో పడేశాను. ఇప్పుడు నాకొక్కదానికే తెరుచుకుంటోంది, అదీ రెండుసార్లు నొక్కితే.

నిన్న హాస్టలుకి వెళ్ళాను. గేటు దగ్గర నిలబెట్టి, మూడో వేలు దొరికిందని చెప్పాను. ఒప్పేసుకుంటే ఇంతటితో మర్చిపోతాను, ఇంటికి పద అన్నాను. చెల్లీ, నేను నిజంగా మర్చిపోదామనే వెళ్ళాను. అది నా వంక చూసి, "చెయ్యనిది ఒప్పుకుంటే ఇంటికి రానిస్తావా? అయితే నేనక్కడ ఉండలేనమ్మా" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంత మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. కన్నకూతురు కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పగలదంటే ఇంక నేనెవర్ని నమ్మాలి? ఈ ఏడాది పోతే చదువైపోతుంది, ఉద్యోగమని ఎటో వెళ్ళిపోతుంది. ఇలాగే వెళ్ళిపోతే మళ్ళీ రాదు. అది రాదని తెలిసి నేనీ ఇంట్లో ఎలా ఉండాలి?

నీ అక్క

*

నా గది,
జూన్ 15

అక్కా,

చిట్టి తప్పు ఏమీ లేదు. మొదట ఈ ముక్క రాసేస్తున్నాను, నువ్వు కోపంతో మిగతాది చించేసినా ఇది చదివి ఉంటావని.

నువ్వు ఫోనుకి ఇచ్చింది నీ వేలు కాదు. ఆ కవరు అడుగున సన్నగా చుక్కలు అచ్చయి ఉంటాయి. కవరు వేశాక వేలు పెట్టావు కాబట్టి, గాజు కిందున్న పరికరానికి నీ వేలి గీతలు అందలేదు, ఆ చుక్కలే అందాయి. అవే నీ వేలనుకుని గుర్తు పెట్టుకుంది. ఇక ఎవరు నొక్కినా కింద కనబడేది అవే చుక్కలు. మీ అత్తగారు నొక్కినా తెరుచుకుంటుంది, నీ రబ్బరు తొడుగుకీ తెరుచుకుంటుంది. నీకు ఒక్కసారీ మొరాయించకపోవడానికి కారణం కూడా అదే. బాగా పనిచేస్తోందని నువ్వు మురిసిపోయిన ఫోను అసలు పనే చెయ్యట్లేదు.

మూడో వేలు కూడా నీదే. నీ మొదటి ఉత్తరం నా దగ్గరుంది. కుడి బొటనవేలు పట్టలేదేమోనని రెండోసారి ఇచ్చానని నువ్వే రాశావు. మొదటిసారి కూడా పట్టింది, అందుకే మూడయ్యాయి.

ఇదంతా నాకు మే నెలలోనే తెలుసు. నీ తొడుగు మాట చదవగానే అనుమానం వచ్చింది. ఆ కవర్లు మా వీధి చివర బండి మీద జత కొన్నాను, ఒకటి నీకు, ఒకటి నాకు. నాది సంచీలోనే ఉండిపోయింది. తీసి నా ఫోనుకి అంటించి, నా వేలు ఇచ్చి, మా ఇంటి ఓనరమ్మ చేతికిచ్చాను. తెరుచుకుంది. కిందింటి ముసలాయనకి తెరుచుకుంది. నా వేలి కణుపుకి తెరుచుకుంది. పొద్దున్నే ఫోను పట్టుకుని మా విభాగం పెద్దాయన గదిలోకి వెళ్ళాను. ఆయన తన వేలు పెట్టి చూసి, లేచి తలుపు వేశాడు. సరిచేసేదాకా ఈ మాట బయటికి పొక్కకూడదన్నాడు. ఇంట్లోవాళ్ళకి కూడానా అన్నాను. ఇంట్లోవాళ్ళకైతే అసలే వద్దన్నాడు. కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. పెట్టాను.

అందుకే కారణం చెప్పకుండా కవరు తీసెయ్యమన్నాను. ఫోను బాగైపోతే గొడవ దానంతటదే సర్దుకుంటుందనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ సగం మాట వల్ల నువ్వు హాస్టలు గేటు దాకా వెళ్ళి పిల్లని రెండోసారి దొంగన్నావు.

నన్ను ఎక్కువగా కోస్తున్నది ఇది కూడా కాదు. ఏప్రిల్లో ఎంత గర్వంగా రాశానో చూడు, ఇవ్వని వేలికి తెరుచుకోదని. కవరు వేసి ఒక్కసారీ చూడకుండానే రాశాను. మా దగ్గర గాజు తుడవనిదే వేలు పెట్టం. పదహారు ఫోన్లూ రోజూ తళతళలాడేలా తుడిచి, జనం చేతిలో ఏ ఫోనూ అలా ఉండదన్న సంగతే మర్చిపోయాం. వీపు మీదే ఉండనిచ్చి ఉంటే దాని మీద ఏ కవరూ పడేది కాదు. ముందుకు తెమ్మని అరిచింది నేను. నీ చెయ్యి తలచుకునే అంగుళం జరిపించానని నీకు గొప్పలు కూడా పోయాను.

ఈ ఉత్తరం పోస్టు చెయ్యకముందే పెద్దాయనకి చెప్పాను, మా అక్కకి రాసేస్తున్నానని. "తెలిసే చేస్తున్నావా?" అన్నాడు. తెలిసేనన్నాను. కవర్లు వేసి పరీక్ష చెయ్యాలని, వాడేవాళ్ళందరికీ చెప్పాలని నా పేరుతో రాసిచ్చాను. చదివి పక్కన పెట్టాడు. ప్రస్తుతానికి నన్ను వేళ్ళ బల్ల దగ్గర నుంచి తీసి ప్యాకింగులో వేశారు. తర్వాత ఏం చేస్తారో తెలియదు.

నా మాట మీద నీకిప్పుడు నమ్మకం లేకపోతే, అందులో తప్పులేదు. సొరుగులో ఉన్న కవరు మళ్ళీ అంటించి, వేలు ఇచ్చి, దారిన పోయేవాళ్ళెవరికైనా ఇచ్చి చూడు.

నీ చెల్లి

*

పెరటి గట్టు మీద కూర్చుని,
జూలై 2

చెల్లీ,

నీ మీద కోపం ఇంకా పోలేదు, ముందే చెబుతున్నాను. జూన్ ఒకటో తారీఖు ఉత్తరం మీద ఉంది ఎక్కువగా. అయినా రాస్తున్నాను, చెప్పుకోవడానికి నువ్వే ఉన్నావు కాబట్టి.

కవరు మళ్ళీ అంటించాను. మా షాపు ఓనరుకి తెరుచుకుంది. చూపు పరీక్షకి వచ్చిన పెద్దమనిషికి తెరుచుకుంది. ఆయన భార్యకీ తెరుచుకుంది. ఇదేదో గమ్మత్తు అని అందరూ వరసగా వేళ్ళు పెట్టి నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సగం పూట సెలవు పెట్టి హాస్టలుకి పరుగెత్తాను.

వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ మీద దాన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఫోను దాని ముందు పెట్టి, "నీ వేలు పెట్టి చూడు, ఎవరిదైనా ఒకటే" అన్నాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నేను పెట్టను" అంది. "అప్పుడు ఫోను చెప్పిందని దొంగనయ్యాను. ఇప్పుడు ఫోను చెప్పిందని కాకుండా పోయానా? మధ్యలో నేను చెప్పింది ఏమైందమ్మా?"

ఏమైందో నాకూ తెలియదు. కాదమ్మా అని అది ఎన్నిసార్లు చెప్పింది, నేనెక్కడ పారేశాను దాన్ని? తప్పయిపోయిందన్నాను. చిన్నప్పుడు గోడవారగా నిలబెట్టి దాని చేత నేననిపించిన మాట అది. అది ఎంత కష్టమో అంటే గాని తెలియలేదు. తర్వాత, "ఇంతకీ నానమ్మనడిగావా?" అంది. లేదన్నాను. "పద" అని లేచింది.

ఆడపడుచు ఇంటికి ఇద్దరం వెళ్ళాం. అత్తయ్య కిటికీ పక్కన కుర్చీలో ఉంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. చిట్టే అడిగింది, అమ్మ ఫోను నువ్వెలా తెరిచావు నానమ్మా అని.

"నేనెక్కడ తెరిచానే? టైమెంతయిందో చూద్దామని ముట్టుకున్నాను. గడియారం పోయి మీ అమ్మ రాతలు వచ్చాయి" అంది. చిట్టిని నేను దొంగన్నానని చెప్పగానే నా వైపు తిరిగింది. "దీన్ని అన్నావా? నన్నొక్క మాట అడిగితే పోయేది కదా!"

చూశావా చెల్లీ? మూడు నెలలు. తెలిసిన మనిషి బస్సెక్కితే అరగంటలో ఉంది. ఆవిడని అడగడానికి సిగ్గుపడి, నేను పిల్లని పట్టుకున్నాను. నీ పరికరం తప్పు చేసింది, నువ్వు చేశావు, కాదనను. కానీ తెరుచుకున్నాక లోపల కనబడినవి మాత్రం నావే. వాటికి ఏ కవరూ కారణం కాదు.

"ఎంతవరకు చదివారు?" అనడిగాను.

"మూడు రోజులవి. తర్వాత చదవబుద్ధి కాలేదు. ఇంకా ఉన్నాయా?"

"చాలా ఉన్నాయి."

"మొదటి నుంచి చదువు."

"అత్తయ్యా, వద్దు."

"నా వెనక రాశావుగా, నా ముందు చదువు."

చదివాను. ఈ రోజు పదకొండుసార్లు పిలిచింది అని ఉన్నచోట, "అబద్ధం. నాలుగుసార్లు కూడా పిలవలేదు. ఆ రోజు నాకు జ్వరం" అని అడ్డం పడింది. కిటికీ తెరిస్తే వెయ్యమంటుంది, వేస్తే తెరవమంటుంది అన్నదానికి, "ఇది మాత్రం నిజం" అని ఆడపడుచు వంటింట్లోంచి అరిచింది. చిట్టికి నవ్వొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అలా చదువుతూ చదువుతూ ఆ వాక్యం దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఆవిడకి అర్థమైంది.

"అది నేను చదివిందే. పైకి చదువు" అంది.

నీకు రాయలేనన్నాను కదా, ఇప్పుడు రాస్తున్నాను. దేవుడు తీసుకెళ్ళాల్సింది ఈవిడని, పొరపాటున ఆయన్ని తీసుకెళ్ళాడు. అదీ వాక్యం. కొడుకుని పోగొట్టుకున్న మనిషి మొహం మీదే చదివాను. అత్తయ్య కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"దాన్ని తుడిచెయ్యకు. నేనూ రోజూ అనుకునేది అదే. నీకైతే ఫోనుంది, నాకు చెప్పుకోవడానికి ఎవరున్నారు?" అంది.

వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. మూడేళ్ళు పక్కపక్క గదుల్లో ఇద్దరం ఒకే మాట అనుకుంటూ ఉన్నాం, ఒకరికొకరం చెప్పుకోలేదు. ఇద్దరం ఏడ్చాం. చిట్టి లేచి మంచినీళ్ళు తెచ్చింది.

అత్తయ్య వచ్చే నెల ఇంటికి వస్తానంది. రోజుకి ఐదుసార్లకి మించి పిలవనని మాటిచ్చింది. నేను నమ్మలేదు, పిలవనీ. నిన్ను పనిలోంచి తీసేస్తే తిన్నగా ఇక్కడికి వచ్చెయ్యి, మా షాపులో అద్దాలు తుడిచే మనిషి కావాలి. నేను జోకు వేస్తున్నానంటే కోపం కొంత తగ్గినట్టే అనుకో. నీ పేరు పెట్టి రాసిచ్చినందుకు మాత్రం నీ అక్కనని చెప్పుకోవడానికి బాగుంది.

చిట్టి నాతో రాలేదు. పరీక్షలయ్యాక చూద్దామంది. నేను బతిమాలలేదు, బతిమాలే హక్కు ఇంకా రాలేదనిపించింది. హాస్టలు గేటు దగ్గర దింపి నాలుగడుగులు వేశానో లేదో, "అమ్మా, ఆగు" అని లోపలికి పరుగెత్తింది. కుట్లు తెగేలా కుక్కిన పెద్ద సంచీ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. మాసిన బట్టలు.

"ఇక్కడ నీళ్ళు సరిగ్గా రావట్లేదు" అంది, నా మొహం చూడకుండా.

ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంటే, పక్కనావిడ ఎందుకమ్మా ఏడుస్తున్నావని అడిగింది. రెండు బకెట్ల నిండా నానబెట్టి ఇదంతా రాస్తున్నాను. ఇక లేచి ఉతకాలి. శనివారం ఇంటికొచ్చి తనే తీసుకెళ్తానంది.

నీ అక్క